పికప్ సైలెన్సర్ మార్చాలా? కొరాపుట్, రాయగడ వైపు బండి నడిపేవాళ్లకు ఏది పనికొస్తుంది, ఏది వద్దు

సైలెన్సర్ మారిస్తే శబ్దం గంభీరంగా వస్తుంది, పవర్ పెరుగుతుంది, మైలేజీ కూడా బాగుంటుంది. జయపురం, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, ఎటు వైపు షెడ్డుకు వెళ్లినా ఈ మూడు మాటలూ ఒక్క గుక్కలో చెప్పేస్తారు. వాటిలో మొదటిది నిజం. రెండోది కొద్దిగానే నిజం. మూడోది, బండి ముందే ఎక్కడో పాడై ఉంటే తప్ప, నిజం కాదు.

అందుకే డబ్బు తీసే ముందు ఒక్కటి తేల్చుకోండి. మీకు కావలసింది శబ్దమా, లాగుడా? ఈ రెండింటికీ దారులు వేరు, ఖర్చులు వేరు, రిస్కులు కూడా వేరు. రెండూ ఒకే పైపులో దొరుకుతాయనుకుని వెళ్లినవాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు.

నేను చెప్పేదంతా డీజిల్ పికప్‌ల గురించే. మన వైపు రెండు రకాలవాళ్లు ఉన్నారు. బొలెరో పికప్, టాటా యోధా, దోస్త్ లాంటి బళ్ల మీద అల్లం, కూరగాయలు, సిమెంటు వేసుకుని సాలూరు, పార్వతీపురం, విజయనగరం తిరిగేవాళ్లు ఒకరు. ఇసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్ లాంటివి సొంతానికి కొనుక్కుని దేవమాలి వైపు, అరకు వైపు ఇష్టంగా నడిపేవాళ్లు ఇంకొకరు. వీళ్లిద్దరికీ ఒకే సలహా చెల్లదు.

పవర్ ఎక్కడి నుంచి వస్తుంది

డీజిల్ ఇంజిన్‌లో పవర్‌ను తేల్చేది లోపల కాలే డీజిల్. ఇప్పటి బళ్లలో ఎంత డీజిల్ కొట్టాలో, టర్బో ఎంత గాలి తొయ్యాలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, ముందే లెక్క కట్టుకుని ఉంటుంది. మీరు వెనక పైపు ఎంత వెడల్పు చేసినా ఆ లెక్క మారదు. టర్బో కాస్త త్వరగా అందుకుంటుంది, పొగ కాస్త తేలిగ్గా బయటికి పోతుంది, ఇంజిన్ నుంచి వచ్చే పొగ వేడి కొంచెం తగ్గుతుంది. ఈ లాభాలు నిజమైనవే. కానీ డీజిల్ కొలత అదే కాబట్టి పవర్ కూడా దాదాపు అదే.

ఇంకో సంగతి. బీఎస్6 కాలుష్య నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి. ఆ తర్వాతి డీజిల్ బళ్లలో చాలావాటికి టర్బో దాటగానే పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్, దాని వెంటనే మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్ ఉంటాయి. పొగకు అన్నిటికన్నా పెద్ద అడ్డు అక్కడే. తూము చిన్నదిగా ఉంచి కింద కాలువను ఎంత వెడల్పు చేస్తే మాత్రం నీళ్లు ఎక్కువ వస్తాయా? డీపీఎఫ్ తర్వాతి పైపు మార్చడం అలాంటి పనే. 1.9 లీటర్ల వీ-క్రాస్ కంపెనీ నుంచి 163 పీఎస్ పవరుతో, 360 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, అంటే తిప్పే బలంతో, వస్తుంది. దానికి వెనక పైపులు మాత్రమే మార్చితే, బాగా కుదిరినా, నాలుగైదు హార్స్‌పవర్ మించి ఆశపడకండి. అంత తేడా డ్రైవర్ సీట్లో కూర్చున్న మనిషికి తెలియదు. శబ్దం పెరిగింది కాబట్టి బండి కూడా లాగుతున్నట్టు అనిపిస్తుంది, అంతే.

"ఇంజిన్‌కి కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలండి, లేకపోతే లాగుడు పోతుంది" అనే మాట కూడా షెడ్లలో బాగా తిరుగుతుంది. బ్యాక్ ప్రెషర్ అంటే బయటికి పోయే పొగకు పైపులో ఎదురయ్యే ఒత్తిడి. టర్బో లేని పాత ఇంజిన్ల విషయంలో దీని వెనక కొంత సంగతి ఉంది. పైపు మరీ లావైతే పొగ వేగం తగ్గి, తక్కువ ఆర్‌పీఎంలో సిలిండర్ సరిగ్గా ఖాళీ కాదు. అక్కడ కూడా కావలసింది పొగ వేగం, బ్యాక్ ప్రెషర్ కాదు. టర్బో ఉన్న బండికైతే టర్బో తర్వాత అడ్డు ఎంత తగ్గితే అంత మంచిది.

ఎత్తు సంగతి కూడా చెప్పాలి. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి విజయనగరం గాలి కంటే పదో వంతు దాకా పలచన. టర్బో లేని పాత బండి సుంకి ఘాటీ ఎక్కాక నీరసించిందంటే తప్పు సైలెన్సర్‌ది కాదు. టర్బో బండి ఆ లోటును చాలావరకు పూడ్చుకుంటుంది. పూడ్చుకోలేకపోతుంటే ఎక్కడో గాలి లీకవుతోందని అర్థం.

అన్నిటికన్నా ముందు: ఉన్నదాన్ని బాగుచేయించడం

ఇది ఎవరికీ నచ్చని సలహా. కానీ లోడు బండి ఉన్నవాళ్లు నన్ను అడిగితే పదిమందిలో ఎనిమిదిమందికి నేను చెప్పేది ఇదే. "బండి ముందులా లాగడం లేదు, సైలెన్సర్ మార్పిద్దామా?" అని అడిగే బండికి సాధారణంగా ఉండే జబ్బులు వేరే.

టర్బో నుంచి, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం చూడండి. నిలబెట్టి రేస్ ఇస్తే ఏమీ తెలియదు. లోడుతో ఘాటీలో సెకండ్ గేర్లో ఎక్కుతున్నప్పుడు లోపలి ఒత్తిడికి ఆ గొట్టం పగులు విచ్చుకుంటుంది, గాలి బయటికి పోతుంది, వెనక నల్ల పొగ కక్కుతుంది. క్లాంపు దగ్గర నూనె తడి, దాని మీద దుమ్ము పేరుకుని కనిపిస్తే అనుమానం అక్కడే. వేలితో గొట్టం కింది వైపు తడమండి, పగుళ్లు ఎక్కువగా కంటికి కనపడని కింది భాగంలోనే ఉంటాయి.

తర్వాత ఎయిర్ ఫిల్టర్. దమన్‌జోడి వైపు ఎర్రదుమ్ములో తిరిగే బండికి, తారు రోడ్డు మీదే తిరిగే బండికి ఒకే కిలోమీటర్ల లెక్క పనికిరాదు. గాలి కొట్టి దులిపి మళ్లీ మళ్లీ అదే పెట్టించడం మానేయండి. ఫిల్టర్ కాగితానికి కంటికి కనపడని చిల్లులు పడితే ఆ దుమ్ము నేరుగా టర్బో రెక్కల మీదికి పోతుంది.

పొగ లీకులు కనిపెట్టడం తేలిక. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బండి కింద టార్చి వేసి ఫ్లాంజిలు (పైపులను బోల్టులతో కలిపే చోట్లు), ముడతల ఫ్లెక్సిబుల్ పైపు చూడండి. లీకు ఉన్నచోట ఇనుము మీద నల్లటి మసి చార విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. ఆ చార కనిపించిందా, గ్యాస్కెట్ పోయినట్టే. ఇంజిన్‌కు, టర్బోకు మధ్య లీకు ఉంటే టర్బోను తిప్పాల్సిన పొగ దారిలోనే పోతుంది, లాగుడు నిజంగానే తగ్గుతుంది. వెనక లీకైతే చప్పుడు ఒక్కటే.

ఇక డీపీఎఫ్. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులు మాత్రమే వేసే బండిలో అది మసితో మూసుకుపోతుంది. మసి కాలాలంటే లోపల 550 నుంచి 600 డిగ్రీల వేడి పుట్టాలి. డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ దీపం వెలిగినప్పుడు బండి ఆపకుండా, మాన్యువల్‌లో చెప్పినట్టు హైవే మీద కాసేపు వేగంగా నడపాలి. రాయగడ బజారులో నాలుగు సందులు తిరిగితే అది శుభ్రం కాదు. ఆ మసి కాలే సమయంలో సైలెన్సర్ పైపు మామూలుకన్నా చాలా వేడెక్కుతుంది. కోతల రోజుల్లో ఎండుగడ్డి మీద, కళ్లంలో వరిగడ్డి పక్కన ఆ బండి నిలపకండి.

వెనక సైలెన్సర్ డబ్బా ఒక్కటే మార్చడం

ఖర్చు తక్కువ, పని గంటలో అయిపోతుంది. శబ్దం మారుతుంది, పవర్ మారదు. టర్బో, డీపీఎఫ్ రెండూ శబ్దాన్ని ముందే చాలావరకు మింగేస్తాయి కాబట్టి బీఎస్6 బండిలో వెనక డబ్బా మార్చినా పెద్దగా తేడా ఉండదు. బీఎస్4 వరకు వచ్చిన పాత 2.5 లీటర్ల వీ-క్రాస్‌లో, పాత స్కార్పియో గెటవేలో ఈ తేడా బాగా వినిపిస్తుంది. డీజిల్ టకటక చప్పుడు మాత్రం ఇంజిన్ లోపలి నుంచి వచ్చేది. ఏ సైలెన్సర్ పెట్టినా అది పెట్రోల్ బండి గర్జనలా మారదు. ఆ ఆశతో వెళ్లేవాళ్లు వెళ్లకపోవడమే మంచిది.

డీపీఎఫ్ తర్వాత మొత్తం పైపు మార్చడం

శబ్దం కోసమే అయితే నాకు నచ్చేది ఇదే, అదీ సొంత బండికి మాత్రమే. కంపెనీ అమర్చిన కన్వర్టర్, డీపీఎఫ్, సెన్సర్లు ముట్టకుండా, వాటి తర్వాతి పైపు, డబ్బా కొత్తవి వేయించడం. దీనిలో మంచి చెడులన్నీ పని నాణ్యతలో ఉంటాయి.

మొదట పైపు లావు. 1.9 నుంచి 2.5 లీటర్ల ఇంజిన్‌కు రెండున్నర అంగుళాలు చాలు. 2.8 లీటర్ల హైలక్స్‌కు మూడు అంగుళాల దాకా పోవచ్చు. అంతకు మించితే బరువు, చప్పుడు పెరుగుతాయి తప్ప ఇంకేమీ రాదు.

తర్వాత వంపులు. మామూలు షెడ్లో హైడ్రాలిక్ మిషన్ మీద వంచిన పైపు వంపు దగ్గర నొక్కుకుపోతుంది. బయట రెండున్నర అంగుళాలు అని చెప్పిన పైపు వంపులో చదునుగా మారి రెండు అంగుళాలకు దిగుతుంది. మీరు డబ్బిచ్చింది దేనికో అదే అక్కడ పోతుంది. లోపల ఆనిక పెట్టి వంచిన పైపులో ఆ నొక్కు ఉండదు. ముక్కలు కోసి వెల్డింగ్ చేసి వంపు తెచ్చేవాళ్లూ ఉన్నారు. అది తప్పు కాదు, కానీ లోపల వెల్డింగ్ ముద్దలు మిగలకూడదు. బిగించక ముందే పైపు చేతిలోకి తీసుకుని ఒక చివర నుంచి టార్చి వేసి చూడండి, వేలు పోయినంత మేర తడమండి. బిగించాక ఎవరూ చూపించరు.

డబ్బా రెండు రకాలు. లోపల గదులు, అడ్డుగోడలు ఉన్నది ఒకటి. చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ ఊల్ కూరి, పొగ నేరుగా పోయేది రెండోది. నేరు డబ్బాకు అడ్డు తక్కువ, శబ్దం లోతుగా ఉంటుంది. అయితే ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఊల్ కాలి ఎగిరిపోయి శబ్దం పీచుగా, బోలుగా మారుతుంది. మళ్లీ ఊల్ నింపడానికి విప్పదీసే వీలున్న డబ్బా అయితే కాస్త ఎక్కువైనా తీసుకోండి.

అందరూ మరచిపోయేది క్యాబిన్ లోపలి బూమ్ శబ్దం. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్క తిరుగుడుకు రెండుసార్లు మండుతుంది. 2,000 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకు 67 సార్లు. కొరాపుట్ నుంచి సాలూరు దాకా 26వ నంబరు జాతీయ రహదారి మీద మీ బండి ఎక్కువసేపు ఉండేది ఆ చుట్టుపక్కలే. షెడ్డు బయట రెండు నిమిషాలు ముచ్చటగా వినిపించిన శబ్దం అక్కడ గంటన్నర తలలో మోగుతుంది, పక్క సీట్లో ఉన్నవాళ్లు మాట్లాడుకోలేరు, పిల్లలు ఉంటే మరీ అవస్థ. దీనికి మందు ఉంది. మెయిన్ పైపుకు పక్కగా, చివర మూసేసిన ఒక కొమ్మ పైపు వెల్డింగ్ చేస్తారు. వేడి పొగలో శబ్దం వేగాన్ని లెక్కలోకి తీసుకుంటే 67 సార్ల బూమ్‌కు ఆ కొమ్మ పొడవు సుమారు 1.7 మీటర్లు కావాలి. పికప్ చాసిస్ పొడవైంది కాబట్టి పక్కన వంచి పెట్టే చోటు దొరుకుతుంది. "బూమ్ ఏ ఆర్‌పీఎంలో వస్తోంది, దానికి కొమ్మ ఎంత పొడవు పెడతారు?" అని అడిగి చూడండి. దానికి జవాబు చెప్పగలిగిన పనివాడికి పని అప్పగించవచ్చు.

ఇనుము సంగతి. మామూలు ఇనుప పైపు చవక. మన కొండల వానలకు బయటి నుంచి, చిన్న ట్రిప్పుల్లో లోపల పేరుకునే నీటికి లోపలి నుంచి తుప్పు పడుతుంది. బరంపురం, గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలి ఉన్నచోట ఇంకా త్వరగా పోతుంది. 409 గ్రేడ్ స్టెయిన్‌లెస్ పైకి గోధుమరంగు తిరుగుతుంది కానీ మన్నుతుంది. కంపెనీలు ఎక్కువగా వాడేది ఆ జాతిదే. 304 మెరుస్తుంది, ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది, ధర కూడా ఎక్కువ. అయస్కాంతం అంటుకోకపోతే 304 అని దుకాణంలో చూపిస్తారు. గేట్లకు, రెయిలింగులకు వాడే 202 గ్రేడ్‌కు కూడా అయస్కాంతం అంటుకోదు. కాబట్టి బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి, రాయనంటే 304 ధర ఇవ్వకండి.

రీమ్యాప్: లాగుడు నిజంగా పెరిగే దారి

రీమ్యాప్ అంటే ఈసీయూలోని లెక్కలు మార్చడం. డీజిల్ కొలత మార్చేది ఇదే కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. ఘాటీలో గేరు మార్చాల్సిన అవసరం ఒకసారి తగ్గేంత తేడా రావచ్చు. కానీ అదనపు టార్క్ భారమంతా క్లచ్ మీద, గేర్‌బాక్స్ మీద, టర్బో మీద పడుతుంది. ఖాళీగా తిరిగే సొంత బండికి మితమైన రీమ్యాప్ వేరు, టన్నున్నర లోడుతో రోజూ ఘాటీ ఎక్కే బండికి రీమ్యాప్ వేరు. రెండోదానికి నేను వద్దనే చెబుతాను. వారంటీ ఉన్న బండికి ఎవరికైనా వద్దనే చెబుతాను. హైలక్స్ ఆటోమేటిక్ కంపెనీ నుంచే 500 న్యూటన్ మీటర్లతో వస్తోంది. అంతకన్నా ఎక్కువ మన రోడ్ల మీద ఎక్కడ వాడతారు?

యాక్సిలరేటర్ దగ్గర బిగించే చిన్న కంట్రోలర్లు పవర్ పెంచవు. పెడల్ కొంచెం తొక్కితేనే ఎక్కువ తొక్కినట్టు ఈసీయూకు చెబుతాయి. అంతకు మించి వాటి గురించి చెప్పడానికేమీ లేదు.

డీపీఎఫ్ పీకించడం, డబ్బా లేకుండా నేరు పైపు

దయచేసి ఈ రెండూ చేయించకండి. లాగుడు పెరుగుతుందని చెప్పి కన్వర్టర్, డీపీఎఫ్ లోపలి భాగం పగలగొట్టి, ఈసీయూలో ఆ హెచ్చరికలు చెరిపేసేవాళ్లు ఉన్నారు. ఆ ఫిల్టర్ పట్టే మసి తర్వాత ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందో ఆలోచించండి. సంతకు వెళ్లే జనం అదే రోడ్డు పక్కన నడుస్తారు, మన పిల్లలు అదే రోడ్డు మీద బడికి వెళతారు. తర్వాత ఏ చిన్న రిపేరు వచ్చినా కంపెనీ సర్వీసు సెంటర్లో వారంటీ మాట ఎత్తలేరు. అమ్మబోతే కొనేవాడు ముందుగా చూసేది కూడా అదే.

డబ్బా లేని నేరు పైపు చప్పుడుకు ఘాటీ మలుపులో పశువులు బెదిరి రోడ్డుకు అడ్డంగా పడతాయి. గజపతి, రాయగడ, పార్వతీపురం మన్యం వైపు ఏనుగులు తిరిగే ఊళ్లలో రాత్రిపూట అలాంటి చప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది.

చట్టం ఏం చెబుతుంది

రిజిస్ట్రేషన్ సరిహద్దుకు ఇటువైనా అటువైనా, నంబర్ ప్లేటు ఓడీ-10 అయినా ఓడీ-18 అయినా ఏపీ అయినా, చట్టం కేంద్రానిదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే 190వ సెక్షన్ కింద మొదటిసారి 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సు రద్దు. అక్కడికక్కడ వసూలు చేసే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆసుపత్రులు, బడుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40 దాటకూడదు.

లోడు బండికి దీనితో పాటు ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తనిఖీ, ఉంది. బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటా. ఆ రోజు కోసం పాత సైలెన్సర్ మళ్లీ బిగించి, మర్నాడు విప్పే తిప్పలు ఎందుకు? రోజు పోతుంది, కిరాయి పోతుంది.

నేను మెచ్చిన డీపీఎఫ్ తర్వాతి పైపుకు కూడా చట్టం మినహాయింపు ఏమీ ఇవ్వదు. శబ్దం కంపెనీ శబ్దానికి దగ్గరగా, కాస్త లోతుగా మాత్రమే ఉండాలి. కంపెనీ పైపు, డబ్బా అమ్మేయకుండా ఇంట్లో భద్రంగా ఉంచుకోవాలి.

మరి ఎవరికి ఏది

లోడు బండి మీద బతుకుతున్నవాళ్లు గొట్టాలు, ఫిల్టర్, గ్యాస్కెట్లు బాగుచేయించి అక్కడ ఆగండి. డబ్బు మిగిలితే మంచి టైర్లకు, బ్రేకులకు పెట్టండి, ఘాటీ దిగేటప్పుడు పనికొచ్చేవి అవే. పాత బీఎస్4 సొంత బండి ఉన్నవాళ్లకు శబ్దం మీద మనసుంటే గదుల డబ్బా ఒక్కటి మార్చి చూడండి, చాలామందికి అదే సరిపోతుంది. బీఎస్6 వీ-క్రాస్, హైలక్స్ ఉన్నవాళ్లు వారంటీ అయ్యేదాకా ఓపిక పట్టండి. అయ్యాక 409 గానీ 304 గానీ పైపుతో, కొమ్మ పైపు పెట్టించి, డీపీఎఫ్ తర్వాతి భాగం మార్చుకోండి. లాగుడే కావాలంటే పైపు జోలికి పోకుండా మితమైన రీమ్యాప్ గురించి ఆలోచించండి.

పని చేయించే రోజు దగ్గరుండి చూసుకోవాల్సినవి కొన్ని. కరెంటు వెల్డింగ్ మొదలుపెట్టక ముందే బ్యాటరీ నెగటివ్ వైరు విప్పించండి, లేకపోతే ఈసీయూ దెబ్బతినవచ్చు. వెల్డింగ్ ఎర్త్ క్లాంపు అతికే చోటుకు దగ్గరగా పెట్టమనండి. బ్రేకు గొట్టాలకు, డీజిల్ ట్యాంకుకు, స్టెపినీకి పైపు దూరంగా ఉందో లేదో, కంపెనీ వేడి రేకులు మళ్లీ బిగించారో లేదో చూడండి. వెనక పట్టీలు లోడుకు దిగినప్పుడు ఇరుసు పైకి వస్తుంది. అందుకే నాలుగైదు బస్తాలు వేసి, గతుకులో ఊపి, పైపు ఇరుసుకు తగలడం లేదని తేల్చుకోండి. పైపు చివర బాడీ దాటి బయటికి రావాలి. తొట్టి కింద ఆగిపోతే ఆ పొగ వెనక కూర్చున్నవాళ్ల ముఖంలోకే పోతుంది. మొదటి ఘాటీ ట్రిప్పు అయ్యాక, పైపులు చల్లారనిచ్చి, క్లాంపులు, ఫ్లాంజి బోల్టులు మళ్లీ ఒకసారి బిగించండి.